తగ్గడం వేరు, పోవడం వేరు

మా చెల్లెలి మనవరాలు ఈ ఏడు నర్సింగు చదువు ముగించింది. ఉద్యోగంలో చేరబోయే ముందు నా దగ్గరకొచ్చి, "అమ్మమ్మా, నువ్వు ముప్పై ఆరేళ్ళు చేశావుగా, మాకు పనికొచ్చేదేదైనా కాగితం మీద పెట్టు" అంది. మూడు రోజులు ఆలోచించాను. ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు హెడ్ నర్సునయ్యానో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఒక ఇంగ్లీషు మాట రాయాల్సిన చోట ఇంకో ఇంగ్లీషు మాట రాశాను. తప్పు అంతే.

రిజిస్టరులో చివరి గడి

యాభైల చివర్లో, నాకు ఇరవై ఒకటో ఏట, నూజివీడు చుట్టుపక్కల ఒక చిన్న సర్కారు ఆస్పత్రిలో చేరాను. ఊరి పేరు రాయను. పన్నెండు మంచాలు, ముందొక వరండా, వెనకొక వరండా, ఇద్దరు నర్సులం, ఒక డాక్టరు గారు, ఒక గుమాస్తా. వేసవిలో మామిడి చెట్ల మీంచి పడ్డవాళ్ళూ, కాయ జీడి తగిలి చర్మం కాలినవాళ్ళూ వచ్చేవాళ్ళు. వానాకాలంలో వరి చేల నుంచి జ్వరాల వాళ్ళు.

మా నాన్నగారు బాపులపాడు దగ్గర బడిపంతులు. నేను నర్సునవుతానంటే బంధువులంతా వద్దన్నారు. ఆయన ఒక్కరే, "రోగికి దాహమేస్తే నీళ్ళిచ్చే పని, అందులో తప్పేముంది" అని దరఖాస్తు మీద సంతకం పెట్టారు. నాకు ఇంగ్లీషు నేర్పింది కూడా ఆయనే. స్పెల్లింగు తప్పు పోయేది కాదు. అందుకే చేరిన మొదటి వారంలోనే రిజిస్టరు రాసే పని నాకు అప్పజెప్పారు.

రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు రిజిస్టరులో చివరి గడి నింపాలి. అందులో రాయడానికి నాలుగే మాటలు. క్యూర్డ్, రిలీవ్డ్, అదర్‌వైజ్, డైడ్. చనిపోతే ఆఖరుది. చెప్పకుండా వెళ్ళిపోతే దాని ముందుది. మొదటి రెండింటికీ తేడా ఏమిటో నేను పట్టించుకోలేదు. వెళ్ళేవాళ్ళని "తగ్గిందా?" అని అడిగేదాన్ని. "తగ్గిందండీ" అనేవాళ్ళు. క్యూర్డ్ అని రాసేసేదాన్ని.

మా డాక్టరు గారు పొడుగ్గా, సన్నగా ఉండేవారు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గించేవారు. ఒకరోజు ఉబ్బసంతో వచ్చి వారం ఉండి వెళ్ళిన ఒక ముసలాయన పేరు మీద వేలు పెట్టి, "ఈయనకి క్యూర్డ్ అని రాశావేం అమ్మాయ్?" అన్నారు.

"తగ్గిందన్నారండీ."

"ఏం తగ్గింది?"

"ఆయాసమండీ."

"ఆయాసం తగ్గింది. ఉబ్బసం పోయిందా? చలికాలం రాగానే మళ్ళీ వస్తాడు. బాధ తగ్గితే రిలీవ్డ్. జబ్బు పోతే క్యూర్డ్. మనం రెంటికీ తగ్గిందనే అంటాం. జ్వరం నూట మూడు నుంచి నూటికి దిగినా తగ్గిందే, పూర్తిగా వదిలినా తగ్గిందే. వాళ్ళు ఆ మాటన్నప్పుడు ఏది తగ్గిందో కనుక్కోవాల్సింది నువ్వు."

పక్కనున్న గుమాస్తా గారు, "రిలీవ్డ్ అంటే బదిలీ అయి వెళ్ళినవాడనుకున్నానండీ ఇన్నాళ్ళూ" అన్నాడు. డాక్టరు గారు నవ్వారు. నేను ఆ గడి కొట్టివేసి మళ్ళీ రాశాను. పాఠం వచ్చేసిందనుకున్నాను. పంతులు గారి కూతుర్ని, ఒకసారి వింటే ఒప్పజెప్పగలను. ఒప్పజెప్పడం వరకే వచ్చిందని తరవాత తెలిసింది.

కోటమ్మ

రెండేళ్ళ తరవాత, తోటలు పూత మీదున్న రోజుల్లో, ముసునూరు అవతల ఒక తోటకి కావలి ఉండే సుబ్బయ్య తన భార్య కోటమ్మని తీసుకొచ్చాడు. నాకంటే ఒక ఏడాది చిన్నది. చేతుల నిండా జీడి మచ్చలు. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, దగ్గు, కళ్ళెలో నెత్తురు చార. ఒళ్ళో తొమ్మిది నెలల ఆడపిల్ల, నాగమణి.

కళ్ళె పరీక్ష చేస్తే క్షయ. డాక్టరు గారు మందు సంగతి తరవాత చెప్పారు. ముందు చెప్పింది పిల్ల గురించి. "పాలు మాన్పించండి. నాయనమ్మ దగ్గర ఉంచండి. కళ్ళెలో పురుగు లేదని నేను చెప్పేదాకా తల్లి ఎత్తుకోకూడదు."

కోటమ్మ ఒళ్ళోంచి పిల్లని తీసింది నేనే. ఆమె ఏడవలేదు. తీసేటప్పుడు పిల్ల తల్లి పైట గుప్పిట్లో పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది కోటమ్మే.

శానిటోరియంలో మంచం దొరకలేదు. వెనక వరండాలో చివరి మంచం ఇచ్చాం. రోజూ ఒక ఇంజక్షను, పూటపూటా గొంతు దిగని పెద్ద పెద్ద మాత్రలు. కళ్ళు మూసుకుని మింగేది. పొద్దున్నే నేను వెళ్ళగానే ఒకటే ప్రశ్న, "నర్సమ్మగారూ, ఇయ్యాల తగ్గిందా అండీ?" తన దగ్గు గురించి కాదు ఆ అడగడం. పిల్లని ఎప్పుడు ఎత్తుకోవచ్చని.

ఆదివారం ఆదివారం సుబ్బయ్య పిల్లని తెచ్చి కంచె అవతల, పదడుగుల దూరంలో నిలబడేవాడు. మొదటి నెల నాగమణి చేతులు చాచి ఏడ్చేది. రెండో నెల ఒక ఆదివారం కోటమ్మ పిలిస్తే తండ్రి భుజంలో మొహం దాచుకుంది.

"కొత్త చేస్తందండీ" అంది కోటమ్మ నాతో. మళ్ళీ తనే, "దానికి నేనే కొత్త" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. నేను డ్యూటీ అయిపోయాక కూడా ఆ మంచం పక్కన కూర్చున్నాను.

మూడో నెలకి జ్వరం వదిలింది. ఒళ్ళు చేసింది. దగ్గు దాదాపు లేదు. ఒకసారి కళ్ళె చూస్తే పురుగు కనపడలేదు.

చీటీ

అప్పుడు డాక్టరు గారు ఏదో కేసులో సాక్ష్యానికని వారం రోజులు వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళేముందు నన్ను పిలిచి, "కోతలు మొదలయ్యాయి, సుబ్బయ్య వస్తాడు. కోటమ్మ వెళతానంటే పంపించు. మాత్రలు ఇంకా ఏడాదిన్నర వాడాలి. నెలనెలా వచ్చి తీసుకెళ్ళాలి. కళ్ళె ఇంకా రెండుసార్లు చూడాలి. అప్పటిదాకా పిల్ల జోలికి పోకూడదు. రిలీవ్డ్ అని రాయి" అన్నారు. మాట తడబడకుండా, ఒక్కొక్కటే చెప్పారు. నాకన్నీ అర్థమయ్యాయి.

మూడో రోజు సుబ్బయ్య వచ్చాడు. కోటమ్మ అప్పటికే మూట కట్టుకుంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఇంటికిచ్చే చీటీ రాస్తుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"అందులో ఏం రాస్తారండీ?"

"తగ్గిందని రాస్తాను."

ఆమె చీటీకేసి చూస్తూ, "తగ్గిందంటే మా అత్త పిల్లని ఇయ్యదండీ" అంది. "ఊళ్ళో పంతులు గారి చేత చదివిస్తానంది. రోగం పోయిందని ఉంటేనే పిల్లని ముట్టుకోనిస్తదంట. ఆవిడ తమ్ముడు ఈ జబ్బుతోనే పోయాడు."

ఆ ముసలమ్మకి ఇంగ్లీషు అక్షరం రాదు. ఆ రెండు మాటల తేడా మాత్రం నాకంటే బాగా తెలుసు.

నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోటమ్మ బతిమాలలేదు. బతిమాలి ఉంటే కాదనేదాన్నేమో. ఊరికే నిలబడింది. కళ్ళెలో పురుగు కనపడలేదు కదా, ఒళ్ళు చేసింది కదా, మాత్రలు ఎలాగూ వాడుతుంది కదా అనుకున్నాను. క్యూర్డ్ అని రాశాను. చీటీకీ రిజిస్టరుకీ పొంతన ఉండాలని అక్కడా అదే రాశాను. మాత్రలు మానొద్దని మూడుసార్లు చెప్పాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

జాలితో చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలి నిజమే. కానీ ఆమె మొహంలో ఆ సంతోషం నా చేతి మీదుగా రావాలని కూడా నాకుంది. అది జాలి కాదు.

డాక్టరు గారు తిరిగొచ్చి రిజిస్టరు చూశారు. గొంతు బాగా తగ్గించి, "ఏ కళ్ళె చూసి రాశావు?" అన్నారు. జరిగింది చెప్పాను. పూర్తిగా విని, "వెళ్ళి చెప్పిరా" అన్నారు.

సెలవు రోజున బస్సులో ముసునూరు వెళ్ళి అక్కణ్ణించి నడిచాను. కావలి పాక ఖాళీగా ఉంది. ఆ తోట కోత అయిపోయింది, ఇంటిల్లిపాదీ రెడ్డిగూడెం వైపు ఇంకో తోటకి వెళ్ళారు, ఏ తోటో తెలియదు అన్నాడు పక్క తోట కావలివాడు. కనపడితే ఆస్పత్రికి రమ్మను అని చెప్పి వచ్చేశాను. నెల తిరిగేసరికి మాత్రలకి వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఆ వేసవి వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళకి మంచాలు చాలక కింద చాపలు వేశాం. రెండోసారి వెతకడానికి నేను వెళ్ళలేదు. వెళ్ళడానికి కుదరలేదు అని రాయొచ్చు. వెళ్ళలేదు అన్నదే సరైన మాట.

మళ్ళీ పూత రోజుల్లో

తొమ్మిది నెలలకి వచ్చింది. సుబ్బయ్య భుజాన పిల్ల, పక్కన కోటమ్మ, మళ్ళీ ఎముకల గూడై. పైట చెంగుతో మూతి కప్పుకుంది. ఆ చెంగులోనే కట్టి దాచిన చీటీ విప్పి బల్ల మీద పెట్టింది. నాలుగు మడతలు, ఎక్కడా నలగలేదు.

"పోయిందని రాశారు గదండీ" అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, అర్థం కాకపోవడమే ఉంది. "పంతులు గారు అట్టాగే చదివారు. పోయినదానికి మాత్రలెందుకు, వేడి చేస్తయ్యి అంది అత్త. నాకూ ఒంట్లో బానే ఉంది. మరి మళ్ళీ ఎట్టా వచ్చిందండీ?"

డాక్టరు గారు నోరు తెరిచారు. "నేను చెబుతానండీ" అన్నాను.

"మళ్ళీ రాలేదు కోటమ్మా. అసలు పోలేదు. తగ్గింది, అంతే. పోయిందని నేను తప్పు రాశాను."

"తెలియక రాశారా అండీ?"

"తెలిసే రాశాను. నువ్వు పిల్లని ఎత్తుకోవాలని."

ఆమె డాక్టరు గారి వైపు చూసింది. ఆయన అప్పటికే నాగమణిని దగ్గరకు తీసుకుని మెడ పక్కన తడుముతున్నారు. చింతగింజలంత బిళ్ళలు కట్టాయి, నాలుగైదు.

"దానికీ వచ్చిందా అండీ?"

"వచ్చిందమ్మా. పిల్లకి మందుంది, జబ్బు పోతుంది" అన్నారాయన.

కోటమ్మ బల్ల దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. ఇంకో రెండడుగులు జరిగింది. వీపుకి గోడ తగిలేదాకా జరిగి అక్కడ నిలబడింది. ఎవరూ జరగమనలేదు.

ఆ సాయంత్రం డాక్టరు గారు పాత రిజిస్టరు తీయించి ఆ గడి చూపించారు. "గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టు. చెరపొద్దు. తప్పు కనపడాలి." నేను సంతకం పెడుతుంటే, "నేనుంటే నన్నే అడిగేది. నేనేం రాసేవాణ్ణో నాకూ తెలియదు" అన్నారు. పైవాళ్ళు నాతో అన్న మాటల్లో నాకు బాగా గుర్తున్నది అదే. ఆయన నన్ను ఓదార్చడానికి అనలేదు. నిజంగానే ఆలోచించి అన్నారు.

మర్నాడు పొద్దున్న ఇంజక్షను వెయ్యడానికి రెండో నర్సుని పంపుదామనుకున్నాను. కోటమ్మ నన్నే పిలిపించింది. "మీరే వెయ్యండి. ఆవిడది నెప్పి" అంది. సూది తీశాక, మొహం అటు తిప్పుకుని, "తొమ్మిది నెలలు నా పక్కలో పడుకుందండీ. బాగుందని అనకూడదు గానీ..." అని ఆగిపోయింది. నేను సూది దిగిన చోట దూది అదిమి పట్టుకున్నాను.

పద్దెనిమిది నెలలు

ఈసారి మాత్రలు నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. పదిహేను రోజులకోసారి, ఆదివారం. ఇంజక్షన్లయ్యాక కోటమ్మని ఇంటికి పంపాం కానీ, ఆమెకి తోటలోనే విడిగా ఒక చిన్న పాక వేశాడు సుబ్బయ్య. పిల్ల నాయనమ్మ దగ్గర.

నాగమణికి మాత్ర మింగించడం ఒక యుద్ధం. పొడి చేసి తేనెలో కలిపితే ఉమ్మేసేది. వేసవిలో మాత్రం సులువు. చిన్నరసం మామిడిపండు పిండి అందులో కలిపితే గిన్నె నాకేది. అత్తగారు మొదటి నాలుగుసార్లు నాతో మాట్లాడలేదు. ఐదోసారి పీట వేసి మంచినీళ్ళిచ్చి, "దీనికి అప్పుడే పోయిందని రాయమాకు" అంది. "రాయనండీ" అన్నాను.

మాత్రలు ఇంకా ఎందుకని ఒకసారి ఆవిడే అడిగింది. మెడలో బిళ్ళలు కనపడటం లేదు, పిల్ల పరుగులు పెడుతోంది. నేను పురుగనీ, ఊపిరితిత్తులనీ ఏదో చెప్పబోయాను. దూరంగా తన పాక ముందు కూర్చున్న కోటమ్మ అందుకుంది.

"మామిడికి బదనిక పడితే ఏం జేస్తాం అత్తా? పైపైన విరిచేస్తే ఆ ఏడు కనపడదు. కొమ్మలో దాని వేరు ఉంటే మళ్ళీ పుట్టదా? నాకు విరిచారు. పిల్లకి వేరు తీస్తన్నారు."

అత్తగారు తల ఊపింది. కొమ్మ మీదే మొలిచి చెట్టు సారం పీల్చే ఆ బదనిక తోటవాళ్ళకి తెలియంది కాదు. తరవాత ఉద్యోగమంతా ఆ వైపు జనానికి నేను అలాగే చెప్పాను. ఒక్కరు కూడా అర్థం కాలేదనలేదు.

పద్దెనిమిది నెలలయ్యాక డాక్టరు గారు నాగమణిని చూసి, "రాసేయ్" అన్నారు. నేను బెజవాడలో ఇంకో ఎక్స్‌రే తీయిద్దామన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. ఎక్స్‌రే కూడా బాగుంది. అప్పుడు రాశాను, క్యూర్డ్ అని. కోటమ్మ ఆ చీటీని ముట్టుకోలేదు. సుబ్బయ్య పట్టుకుంటే దూరం నుంచి చూసి, "ఇది నిజందేనా అండీ?" అని అడిగింది.

"నిజందే."

"మరి నాకేం రాశారు?"

"తగ్గిందని."

"అదీ నిజందేగా. ఉండనీండి" అంది.

ఆమెకి పూర్తిగా పోలేదు. సగంలో మందు మానేస్తే పురుగు మొండికేస్తుంది. తరవాత ఎంత వాడినా కొంత తగ్గడం, మళ్ళీ తిరగబెట్టడం. మూడుసార్లు ఆస్పత్రికొచ్చింది. మూడుసార్లూ రిలీవ్డ్ అని నా చేత్తో నేనే రాశాను. అరవైల ఆఖర్లో ఒక వానాకాలం ఆ పాకలోనే కన్నుమూసింది. అప్పటికి నేను వేరే ఊళ్ళో ఉన్నాను. సుబ్బయ్య కార్డు రాయించాడు.

మీకు చెప్పదలుచుకున్నది

ఆ తరవాత నేను ఒక అధికారి కింద పనిచేశాను. ఆయనకి గడి నిండా క్యూర్డ్ కనపడాలి. తిరగబెట్టి వచ్చినవాళ్ళని కొత్త రోగులుగా రాయించేవారు. నేను రాయనంటే మొండిదానివన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, రోగి మంచం దాకా నడిచేవాడు కాదు, అంతే. అలాంటివాళ్ళు మీకూ తగులుతారు. మెత్తగా మాట్లాడండి, రాయాల్సింది రాయండి.

రోగి "తగ్గిందండీ" అంటే ఆ మాట మనల్ని సంతోషపెట్టడానికి కూడా అంటాడు. ఇంటికి వెళ్ళాలని అంటాడు. పిల్లలు గుర్తొచ్చి అంటాడు. ఏది తగ్గిందని ఇంకో ప్రశ్న వెయ్యండి. జాలి పడండి, పడకపోతే ఈ పని చెయ్యలేరు. ఆ జాలిని చేతుల్లో పెట్టుకోండి, పెన్నులో పొయ్యకండి.

ఇంకొకటి. రిలీవ్డ్ అన్న మాటని చిన్నచూపు చూడకండి. వయసులో ఉన్నప్పుడు అది ఓడిపోయినట్టు అనిపించేది నాకు. ముప్పై ఆరేళ్ళలో ఈ చేతులతో నేను చేసింది ఎక్కువ భాగం అదే. జబ్బు పోగొట్టడం డాక్టరుకీ, మందుకీ, ఆ మనిషి రాతకీ సంబంధించింది. ఇవాళ్టి బాధ ఇవాళ కాస్త తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది. అదెంత పెద్ద పనో నాకు కోటమ్మ దగ్గరే తెలిసింది.

నాకు ఆ ఊరి నుంచి బదిలీ అయినప్పుడు, వెళ్ళేముందు ఒకరోజు పొద్దున్నే తోటకి వెళ్ళాను. నాగమణికి అప్పటికి ఆరేళ్ళు, బళ్ళో వేశారు. పిల్లకి నయమైనా తల్లి మొహంలో మొహం పెట్టి ముద్దులాడటానికి లేదు. కానీ డాక్టరు గారు కోటమ్మకి ఒక్కటి ఒప్పుకున్నారు. ఆరుబయట, గాలి ఆడే చోట, తను మూతికి గుడ్డ కట్టుకుని, పిల్ల వీపు తన వైపు ఉండేట్టు కూర్చోబెట్టుకుని రోజుకోసారి జడ వెయ్యొచ్చు.

నేను వెళ్ళేసరికి జడ వేస్తోంది. నన్ను చూసి కళ్ళతో నవ్వింది, చేతులు ఆపలేదు. చిక్కు తీసి, పాపిడి తీసి, మూడు పాయలు చేసి, నెమ్మదిగా చివరిదాకా అల్లింది. నాగమణి పలక పట్టుకుని అటూ ఇటూ కదులుతోంది.

"అమ్మా, బడికి టైమైంది. అయిందా?"

"వంకర వచ్చింది. ఉండు" అంది కోటమ్మ. అల్లినదంతా విప్పేసి, దువ్వెన తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

జడ వంకరగా లేదు. నేను చూశాను. పీట లాక్కుని పక్కన కూర్చున్నాను.